కుమ్మరి పనే!

1974 వేసవిలో నేను హైదరాబాదులోని ఒక చిన్న విమాన శిక్షణ సంస్థలో మెయింటెనెన్స్ ఇంజనీరును. ఒక ఉదయం మా రెండు సీట్ల విమానం, ఇంజను గాలిలో ఆగిపోయి, కొండాపూర్ అవతల బండరాళ్ల నడుమ ఒక బీడులో దిగింది. పైలట్ రామ్మోహన్‌కు దెబ్బ తగల్లేదు. అక్కడ కుండలు కాల్చే ఆవం కోసం కట్టెలు ఏరుకుంటున్న కుమ్మరి మల్లయ్యను కాపలా ఉంచి, ఫోను వెతుక్కుంటూ వెళ్లాడు.

మధ్యాహ్నానికి మేనేజరు, నేను, మెకానిక్ యాదగిరి జీపులో చేరుకున్నాం. రెక్కల టాంకుల్లో సగానికి పైగా పెట్రోలుంది. అది తన బరువుతోనే కిందికి దిగి, సీట్ల వెనకనున్న హెడర్ టాంకు అనే చిన్న తొట్టిలో చేరుతుంది. పంపు అక్కడినుంచి లాగి ఇంజనుకు అందిస్తుంది. విమానం ఎంత వాలి తిరిగినా పంపు నోటికి గాలి తగలకూడదనే ఈ ఏర్పాటు. ఆ తొట్టి కుళాయి విప్పితే నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి.

ఇంజను పంపుకు తోడు కరెంటు పంపు కూడా వేశానని, అప్పటికే తిరిగొచ్చిన రామ్మోహన్ ఒట్టేశాడు. పైలట్ల ఒట్లు నేనెన్నడూ నమ్మలేదు. మేనేజరు అనుమానం మాత్రం మల్లయ్య మీద. ఇంజను ఎందుకాగినా, పెట్రోలు తీసింది వీడేనండీ అంటూ ఊరి పోలీసు పటేలును పిలిపించాడు.

"నేనేం ముట్టలే సారూ," అన్నాడు మల్లయ్య.

నాకు లెక్క కుదరలేదు. దొంగ కుళాయి విప్పితే పైనుంచి పెట్రోలు దిగి తొట్టి మళ్లీ నిండాలి. పైన ఉండి కింద లేదంటే దారిలో ఏదో అడ్డం ఉంది. తొట్టిలోని గాలీ పెట్రోలు ఆవిరీ బయటికి పోవడానికి ఒక సన్నని గొట్టం రెక్క మీదికి తెరుచుకుంటుంది. యాదగిరిని ఎక్కి చూడమన్నాను. తీగ పెట్టి పొడిచి, "కుమ్మరి పనే సార్ గిది!" అని అరిచాడు.

మేనేజరు వెంటనే మల్లయ్య జబ్బ పట్టుకున్నాడు. "విన్నావా పటేలూ?"

"అయ్యో, ఆయన గాదు సార్! కుమ్మరి పురుగు. మన్నువెట్టి మూసింది," అంటూ యాదగిరి అరచేతిలో మట్టి గూడు చూపించాడు. గొట్టాల్లో మట్టి గూడు కట్టే కందిరీగను యాదగిరి వైపువాళ్లు అలా పిలుస్తారు. దారి మూసుకుపోవడంతో ఎండకు పుట్టిన ఆవిరి తొట్టిలోనే చిక్కి పెట్రోలును రానివ్వలేదు. ఆవిరిని లాగి ఏ పంపూ ఇంజను నడపలేదు. గూడు తీసిన కాసేపటికే పెట్రోలు గుడగుడమని దిగింది.

పురుగు గూడు కట్టేలా విమానాన్ని వారాలపాటు ఆరుబయట ఎవరు పెట్టించారని నేనడగలేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "షెడ్డులో చోటు లేదు కదండీ," అన్నాడు మేనేజరు. మల్లయ్యను ఇక వెళ్లమన్నాడు.

మల్లయ్య కదల్లేదు. "పటేలు ముంగట దొంగన్నరు గద సారూ. కాదని గూడ ఆయన ముంగటనే అనుండ్రి. లేకుంటే ఊర్ల నా మొఖమెట్ల జూపియ్యాలె?"

మేనేజరు జీపు వైపు చూశాడు. ఎవరూ ఎక్కలేదు. నాకూ ఎక్కబుద్ధి కాలేదు. చివరికి పటేలుకేసి తిరిగి, "ఈయన దొంగ కాదండీ. పొరపాటు నాది," అన్నాడు. అప్పుడు మల్లయ్య కట్టెలమోపు ఎత్తుకున్నాడు.

అనుమానించడం నేను మానలేదు, మా వృత్తికి అది కావాలి. కాని దాన్ని మనిషి మీదికి తిప్పేముందు, చెప్పేవాడి మాట పూర్తయ్యేదాకా ఆగాలని ఆ బీడులో నేర్చుకున్నాను.