అరగంట ముందు నడిచిన గడియారం

నా చిన్నప్పుడు మా లైనులో పన్నెండు ఇళ్లకూ కలిపి గడియారం ఒక్కటే, అది మా తాతయ్య చేతికి ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్ ఓడల డాకులో బస్తాలు మోసీ మోసీ మేస్త్రీ అయిన మనిషి ఆయన. పొద్దున లేవగానే గడియారానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాకే మొహం కడుక్కునేవాడు. కార్పొరేషన్ కుళాయికి నీళ్లొచ్చే వేళ చాటేదీ ఆయనే. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, ఆడవాళ్లంతా బకెట్లతో పరుగో పరుగు.

ఆ కుళాయికి నీళ్లు వదిలేది మా పక్కింటి బాబాయి. కార్పొరేషన్‌లో వాల్వు తిప్పే ఉద్యోగం ఆయనది. కానీ ప్రాణమంతా గడియారాల మీదే. భవానీపూర్‌లో గడియారాలు బాగుచేసే ఒక బెంగాలీ దాదా పక్కన సెలవురోజుల్లో కూర్చుని, చూసి చూసి పని పట్టేశాడు. తాతయ్య గడియారం ఒకసారి ఆగిపోతే ఆయనే విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి నడిపించాడు. తాతయ్య మురిసిపోయి వీధంతా చెప్పుకున్నాడు.

ఆ మురిపెం వారం నిలవలేదు. ఒకరోజు తాతయ్య మాట నమ్మి ఆడవాళ్లు కుళాయి దగ్గర నిలబడితే అరగంట దాకా నీళ్ల జాడే లేదు. మర్నాడూ అంతే. తాతయ్యకు గడియారం మీద అనుమానమే రాలేదు, నీళ్లే ఆలస్యమన్నాడు. ఆఫీసు గడియారం చూసే వాల్వు తిప్పుతున్నానని బాబాయి మెల్లగా చెప్పినా ఒప్పుకోలేదు. మా తాతయ్య పట్టుకున్న కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు మరి! చివరికి సాయంత్రం డాకు సైరన్‌తో సరిచేసిన గడియారం తెల్లారి మళ్లీ సైరన్ మోగేసరికి అరగంట ముందుకు ఉరికిందని తనకే తెలిసింది. అప్పుడు ఆ కోపమంతా బాబాయి మీదికి తిరిగింది. కుళాయి దగ్గర అందరూ వింటుండగా అనేశాడు.

"నీ సెయ్యి పడ్డాకే ఇది పాడయ్యింది. ఇంకెవుల గడియారం ముట్టకు."

బాబాయి తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సాయంత్రం మా అరుగు మీద ఇద్దరూ కలిసి తాగే టీ ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేది, ఎందుకంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గడియారం లోపలి చక్రాలు చూపించేది ఆయనొక్కడే. ఆడపిల్లకెందుకివి అని ఏనాడూ అనలేదు.

చివరికి మా అమ్మ ఇటు మామగారిని బతిమాలి, అటు బాబాయికి నచ్చజెప్పి గడియారాన్ని ఇంకొక్కసారి ఆయన చేతికి ఇప్పించింది. నేనూ వెంట వెళ్లాను. బాబాయి ఎవరినీ ఒక్క మాట అనలేదు. తన పనిలో తప్పేమైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాడు. నూనె ఎక్కువైందేమోనని అంతా పెట్రోలులో కడిగి ఆరబెట్టాడు. తగ్గలేదు. మళ్లీ విప్పి ఒక్కో మరా చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడోసారి భూతద్దం కంటికి బిగించి, వెంట్రుకంత సన్నటి స్ప్రింగును చాలాసేపు చూసి, ఆ అద్దం నాకిచ్చాడు. విడివిడిగా ఉండాల్సిన దాని చుట్టలు రెండు మూడు అతుక్కుపోయి కనిపించాయి. అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైపోయినట్టేననీ, అందుకే చక్రం తొందర తొందరగా కొట్టుకుంటోందనీ చెప్పాడు. కానీ నూనె చుక్క కూడా లేకుండా ఎందుకు అతుక్కున్నట్టు?

ఆలోచించి ఆలోచించి, ఎవరో ఓడవాడు ఇచ్చిన చిన్న దిక్సూచి తీసి గడియారం పక్కన పెట్టాడు. దాని ముల్లు నిలకడ లేకుండా గజగజలాడింది. బాబాయి మొహం వెలిగింది. గడియారానికి ఎక్కడో అయస్కాంతం సోకిందని చెప్పి, నా వైపు తిరిగి అడిగాడు.

"రాత్రి ఈ గడియారం ఎక్కడ పడుకుంటాదే, అమ్మా?"

గడియారం పడుకోవడమేమిటని నవ్వబోయాను. అంతలోనే గుర్తొచ్చింది. రాత్రిళ్లు తాతయ్య దాన్ని గూట్లో చెక్కపెట్టె మీద పెడతాడు. ఆ మధ్యే ఆ పెట్టెలో, మా తమ్ముడి కంటబడకుండా, పాడైన రేడియో స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం దాచుకున్నది నేనే. మట్టిలో ఈడ్చి ఇనుపరజను పోగేయడం అప్పట్లో నా ఆట.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. బాబాయి పకపకా నవ్వాడు, తిట్టలేదు. తీగ చుట్టకు కరెంటు పెట్టి, గడియారాన్ని దాని మధ్య నుంచి మెల్లగా బయటికి లాగి, పట్టిన అయస్కాంతం వదిలించాడు. మళ్లీ విప్పి చూస్తే చుట్టలు విడిపోయి ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క మాట మాత్రం అన్నాడు.

"తాతకి నాను సెప్పను. నువ్వే సెప్పాల."

ఆ నాలుగడుగులు నడిచి ఇంటికి రావడానికి నాకు ఎంతసేపు పట్టిందో ఆ గడియారానికే తెలియాలి. తాతయ్య అంతా విన్నాడు. దెబ్బలు ఖాయమనుకుని గోడకు అతుక్కుపోయాను. ఆయన గడియారం చేతికి పెట్టుకుని పడుకున్నాడు.

పొద్దున కుళాయి దగ్గర అందరూ ఉన్నప్పుడు బాబాయిని పిలిచాడు.

"తప్పు నీ సేతిది గాదురా. గడియారం నాది, అది పడుకున్న ఇల్లు నాది. తప్పు నాది."

నా పేరు ఎత్తనే లేదు. అప్పుడే నీళ్లు వచ్చాయి, ఆడవాళ్లు బిందెలతో తోసుకున్నారు, ఆ మాట బాబాయి, నేను తప్ప ఎంతమంది విన్నారో తెలియదు. సాయంత్రం మాత్రం అరుగు మీద మూడు గ్లాసుల టీ వచ్చింది. మూడోది నాకే.

ఏ తప్పూ లేని మనిషి మూడుసార్లు తన పనిలోనే తప్పు వెతుక్కున్నాడు. ఏమీ ఎరగని ముసలాయన నలుగురిలో తప్పు నెత్తిన వేసుకున్నాడు. అసలు దొంగను నేను, టీ తాగుతూ కూర్చున్నాను! ఆ సిగ్గు నాకు మహా మేలు చేసింది. ఇప్పుడు కలకత్తా పక్కనే న్యూ టౌన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను, నోరు మాత్రం తాతయ్యదే వచ్చింది. ఏదైనా పాడైతే, పోతే, ఎవరి మీదో కేకలేయబోతాను. నోరు తెరిచేలోపు బాబాయి వంగి భూతద్దంలో తన పనిని తానే అనుమానంగా చూసుకోవడం గుర్తొస్తుంది. ముందు నా చేతులు నేను వెతుక్కుంటాను. సగం సార్లు దొంగ అక్కడే దొరుకుతుంది.