గంగారెడ్డి పటేల్ తోటలో రాత్రి

2023 చలికాలం. బోధన్‌కు చెందిన శ్రీధర్ అనే కొత్త దర్శకుడు హార్డ్ డిస్క్ పట్టుకుని నిజామాబాద్‌లోని నా ఎడిటింగ్ గదికి వచ్చాడు. అప్పటికి పదకొండేళ్లుగా కలర్ గ్రేడింగ్ చేస్తున్నాను, అంటే తీసిన దృశ్యాల వెలుగునూ రంగులనూ కంప్యూటర్‌లో దిద్దే పని. ఎక్కువగా పెళ్లి వీడియోలే. ఈ జిల్లా పెళ్లికూతుళ్లందరినీ ఒక ఛాయ తెల్లగా చేసిన పాపం నాదే. సినిమా మాత్రం అదే మొదటిది, అదీ దయ్యం సినిమా.

చనిపోయిన కూతురు పిలిస్తే తల్లి అర్ధరాత్రి చెరకు తోటలోకి వెళ్లే సీన్ అది. తల్లిగా చేసింది బోధన్‌లో బీడీలు చుట్టే యాదమ్మక్క. సినిమా మొత్తంలో ఆమెకున్నది ఆ ఒక్క సీనే. అడవిపందులు తిరుగుతాయని తోట యజమాని గంగారెడ్డి పటేల్ రాత్రి షూటింగ్ వద్దన్నాడట. బతిమాలుతుండగానే చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు కోతకు పిలుపొచ్చింది. తెల్లారితే తోటే ఉండదు. చేసేదిలేక ఆ మిట్టమధ్యాహ్నమే సీన్ తీసి నా దగ్గరికి తెచ్చారు. పగలు తీసి రాత్రని నమ్మించడాన్ని మా పనిలో ‘డే ఫర్ నైట్’ అంటారు. కుదరకపోతే సీన్ ఎత్తేస్తానని నిర్మాత తేల్చి చెప్పాడు.

నాకు తెలిసిన రాత్రి నీలిరంగుది. వెలుగు తగ్గించి నీలం పెంచాను.

“జావీద్ భాయ్, గిది రాత్రి లెక్క లేదు. నీలిమందుల ముంచినట్టున్నది” అన్నాడు శ్రీధర్.

ఒళ్లు మండింది. చీకటి ఇంకా పెంచితే యాదమ్మక్క ముఖమే మాయమైంది. నాలుగు రోజులు ఇదే తంతు.

ఐదో రోజు యాదమ్మక్కే బస్సెక్కి వచ్చింది. సీన్ పోతుందని ఆమె చెవిన పడిందట. బీడీ కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నానని, ఇప్పుడు లేదంటే తలెత్తుకోలేనని అంది. కూర్చోబెట్టి చూపించాను. తెర దగ్గరికి జరిగి చూసి, తల అడ్డంగా ఊపింది.

“రాత్రి కరెంటొస్తే మా బాపుతోని నీళ్లు కట్ట పోతుంటి బిడ్డా. చెరుకుల రంగేం కనబడదు. ఆకు అంచు తెల్లగ మెరుస్తది, గంతే. మనిషి మొఖంల కండ్లకాడ గుంతలే కనబడ్తయి.”

సిగ్గేసింది. పదకొండేళ్లు తెర చూశానేగాని తోట చూడలేదు. నీలమంతా తీసేశాను. ఆకుల పచ్చదనాన్ని బూడిదరంగు దాకా దించి, అంచుల మెరుపు ఉంచాను. ఆకాశం కనిపించిన చోటల్లా నల్లబరిచాను. ముఖానికి ‘పవర్ విండో’ వేశాను. అంటే ఆ భాగం చుట్టూ గీత గీసి, మనిషితోపాటు అదీ కదిలేలా చేసి, అంతవరకే దిద్దడం. నడినెత్తి ఎండకు ఆమె కళ్లలో పడ్డ నీడల్ని అన్నాళ్లూ లోపమని చెరుపుతూ వచ్చాను. ఈసారి వాటిని ముట్టుకోలేదు. సాయంత్రం వేసి చూస్తే యాదమ్మక్క తన ముఖానికి తనే జడిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిజామాబాద్ థియేటర్‌లో మొదటి ఆటకు కార్ఖానా ఆడవాళ్లు రెండు వరసలు నిండా వచ్చారు. ఆ సీన్‌కు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. బయటికి రాగానే, అదే ఆట చూసిన గంగారెడ్డి పటేల్ శ్రీధర్‌ను నిలదీశాడు.

“రాత్రి రావద్దని చెప్పిన గద. నాకు తెల్వకుంట ఎప్పుడొచ్చి తీసిండ్రు? పందులు పొడిస్తే ఎవడు జిమ్మేదార్?”

పగలే తీశామని, ఆ మధ్యాహ్నం ఆయనే చాయ్ పంపించాడని శ్రీధర్ ఒట్టేసి చెప్పాడు. పటేల్ వినలేదు.

“నా తోట రాత్రి ఎట్లుంటదో నాకు తెల్వదా?”

పక్కనే ఉన్న నాకు ఛాతీ ఉప్పొంగింది. అప్పటినుంచి ఏ రాత్రి సీన్ వచ్చినా, ముందు అలాంటి చోట రాత్రిపూట తిరిగినవాళ్లను వెతికి అడుగుతాను. పటేల్ మాత్రం నన్నూ కలిపి, మేమంతా రాత్రిపూట దొంగతనంగా వెళ్లామనే ఇప్పటికీ నమ్ముతున్నాడు. బజారులో కనబడితే ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకున్న ప్రతిసారీ నాకు గర్వంగా ఉంటుంది.