బంతిపూల ఫ్రేములో నా లక్ష్యం

బతికుండగానే నా చావు కబురు నేనే ఊరంతా చాటుకున్న కథ ఇది. నవ్వుకోండి గానీ కాస్త మర్యాదగా నవ్వండి, పోయినవాణ్ణి కదా.

అప్పట్లో ప్రొద్దుటూరులో బట్టల షాపులో పని, ఒంటిగదిలో కాపురం. పనంటే ఒక చేత్తో చీర చూపిస్తూ ఇంకో చేత్తో రీల్స్ చూడటం. ఒక సాయంత్రం పులివెందుల నుంచి నా మేనమామ కూతురు శైలజ ఫోన్ చేసింది.

"ఎప్పుడు చూసినా ఆన్‌లైన్‌లోనే ఉంటాండావు. నన్ను చేసుకుంటావా, ఫోన్‌ను చేసుకుంటావా బావా?"

"నిన్నేలే!"

"అయితే రేపంతా ఫోను ముట్టొద్దు. అట్లుంటేనే నాయన వచ్చి ముహూర్తం మాట్లాడేది."

లక్ష్యం పెట్టుకున్నాక నలుగురికీ చెప్పాలట, అప్పుడే నిలబడుతుందట. ఈ జ్ఞానమూ రీల్‌లోనే దొరికింది. వెంటనే స్టేటస్‌కి దిగాను. భక్తిగా ఉంటుందని చుట్టూ బంతిపూలు, మూలన దీపం ఉన్న ఫ్రేము ఏరి, అందులో చేతులు జోడించిన నా ఫోటో దూర్చాను. కింద "అందరికీ ఇక సెలవు" అని రాసి, ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పూడ్చాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున జమ్మలమడుగు నుంచి మా పిన్ని ఆటోలో వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"పోతివా నాయనా! పెండ్లన్నా కాకపాయనే!"

"యాడికీ పోలేదు పిన్నీ, ఈడనే ఉప్మా తింటాండా."

ఆమె నన్ను చూసి ఇంకా గట్టిగా కేకపెట్టింది. ఆ కేకకు వీధంతా పోగయ్యేసరికి మామ జీపు దిగాడు. చేతిలో నిలువెత్తు దండ. వెనకే శైలజ.

"ఏందిరా ఇది? ఫోను జేస్తే స్విచాఫ్, ఫోటో జూస్తే దీపం!"

"అది నా లక్ష్యం మామా. ఫోను మానేస్తాండానని..."

"ఆ మాటే రాసేకి ఏం రోగం? దారి పొడుగునా బిడ్డను ఓదార్చలేక నేను సస్తి గదరా!"

శైలజ కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. చూసి శానా సిగ్గేసింది. నా కోసం ఇంత ఏడ్చిందా అని లోపల్లోపల సంతోషమూ వేసింది, అబద్ధమెందుకు?

ఆమె కళ్లు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"సచ్చినా స్టేటస్ మానవు గదా బావా!"

మిగతా రోజంతా బియ్యం దులుపుకుని ఫోను పట్టుకుని, బతికే ఉన్నానని అందరికీ చెప్పుకోవడంతోనే సరిపోయింది. లక్ష్యం అంత ఘనంగా నెరవేరింది.

"ముహూర్తం సంగతి..." అని సాయంత్రం జీపెక్కబోతున్న మామ దగ్గర నసిగాను.

"సావు దండ తెచ్చిన చేత్తో ముహూర్తమా? నెల పోనీ. ఫోను మానితే చూద్దాం," అన్నాడు మామ.

మానాను, పెళ్లయింది. ఇప్పుడు మా ఆవిడ సమక్షంలో, ఆ బియ్యం డబ్బా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ లక్ష్యాన్నీ స్టేటస్‌లో పెట్టను. నిజంగా పోయిన రోజు కూడా పెట్టను. పెట్టినా ఎవరూ నమ్మరు, మామ దండ కొనడు.