ఉయ్యాల కొక్కెంలో నీలి మరక

ఉయ్యాలబల్ల ముందుకు వెళ్ళేటప్పుడు ఏ చప్పుడూ లేదు. వెనక్కి వచ్చి ఆగబోయే క్షణంలో, పైన ఎడమ కొక్కెం దగ్గర ‘టిక్’ మంది. బల్ల మీద నా పిల్లలిద్దరూ ఉన్నారు. బియ్యం చేట పక్కన పెట్టి ఇద్దర్నీ దించేశాను.

ఆ కొక్కేలు రెండూ మా మరిది చేసినవే. ఆటోనగర్‌లో అతనికి లేత్ షాపు ఉంది. విమానాల భాగాలకు వాడే టైటానియం కడ్డీ ముక్క ఒకటి తుక్కులో దొరికితే, గుణదలలో మేం ఇల్లు మారినప్పుడు ఈ ఉయ్యాల కోసం చేసి తెచ్చాడు.

కబురు పెడితే సాయంత్రం వచ్చి నవ్వాడు. “ఏనుగునెక్కించినా ఏం కాదు వదినా! మీ బీఎస్సీ చదువు ఉయ్యాల మీద పడిందేంటండీ?”

నాకు నవ్వు రాలేదు. ఎంత గట్టి లోహమైనా, బరువు కొంచెమే అయినా, పదేపదే పడితే అలసిపోతుందనీ, పగులు ఎక్కువగా పైపొరలోనే మొదలవుతుందనీ చదువుకున్నాను. స్టూలెక్కి చూశాను. కుడి కొక్కెం బూడిద రంగులో నునుపుగా ఉంది. ఎడమది అద్దంలా మెరుస్తోంది. వంపు లోపల మాత్రం, వేడికి కమిలినట్టు సన్నటి నీలి మరక. ఏదో రుద్ది దాచినట్టున్న ఆ మెరుపు మీదే నా అనుమానం.

“రెండూ ఒకేలా చేశావా?”

“ఒకే కడ్డీ వదినా.”

“కడ్డీ సంగతి కాదు నేనడిగింది.”

కాసేపు నసిగాడు. కుడిది షాపులో పెద్ద మేస్త్రీ వేడెక్కకుండా నీళ్ళు పోస్తూ నిదానంగా నునుపు చేశాడట. ఎడమది తొందరలో తనే గ్రైండింగ్ రాయికి పట్టాడట. “తెల్లటి రవ్వలు, దీపావళే అనుకోండి! కాస్త కమిలితే ఎమరీ కాగితం పెట్టి రుద్దేశా.”

కమిలిన పైపొర పెళుసుబారుతుందని తెలుసు, అందుకే రెండూ విప్పించాను. కిరసనాయిలు పూసి, కాసేపాగి, పొడిగుడ్డతో తుడిచి, పిల్లల పౌడరు చల్లాను. కుడిది తెల్లగానే ఉంది. ఎడమదాని వంపులో వెంట్రుకంత తడి గీత మెల్లగా తేలింది. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు అది. మరిది నమ్మక, తుడిచేసి తనే మళ్ళీ పౌడరు చల్లాడు. గీత అక్కడే తేలింది.

“కడ్డీ మంచిదే వదినా,” అన్నాడు చివరికి. “కమిలించింది నేనే.”

ఆ రాత్రి బాగున్న కొక్కేనికి కూడా ఇంకోసారి పౌడరు చల్లి చూసుకున్నాను.

పొద్దున పిల్లలు నేలమీదున్న బల్ల చుట్టూ చేరారు. “బాబాయి కొత్తది మేస్త్రీగారి చేత చేయించి తెస్తాడు, అప్పుడు ఊగుదురుగాని,” అన్నాను. “కానీ ఎప్పుడు ‘టిక్’ మన్నా ఆట ఆపి, దిగి నన్ను పిలవండి. ఊరికే పిలిచారని తిట్టను.”