ఓపల్ బుషీ గుండీల చట్టం

ఓపల్ బుషీ తన కోటు గుండీలు తాను పెట్టుకోదు. ఎదుటివాళ్ళను వాళ్ళవి పెట్టుకోనివ్వదు కూడా.

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో, ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఊళ్ళో ఇదేం చిన్న విషయం కాదు. పెర్లీ వారి ఉన్ని మేజోళ్ళ మిల్లులో ఆవిడ జీతాల గుమాస్తా. సాయంత్రం ఐదుకి గంట మోగగానే పద్నాలుగు మంది పనివాళ్ళూ గుమ్మం దగ్గర జంటలుగా నిలబడాలి. నీ గుండీలు నేను పెడతాను, నావి నువ్వు పెట్టు. ఎవరైనా దొంగచాటుగా తన గుండీ మీద చెయ్యి వేశారో, "ఏయ్, చెయ్యి తియ్!" అని అరుస్తుంది. ఆ అరుపుకి నడుస్తున్న యంత్రాలు కూడా ఆగేవని చెప్పుకుంటారు.

మిల్లు యజమాని ఆల్డెన్ పెర్లీకి నలభై ఏడేళ్ళు. ఆయన అంబాడే రోజుల నుంచీ ఓపల్ ఆ మిల్లులోనే ఉంది. అందుకని యజమానికి కూడా మినహాయింపు లేదు.

"ఓపలమ్మా, నా గుండీలు నేను పెట్టుకోగలను."

"నాలుగో ఏట కూడా ఇదే మాట అన్నావు. కిందది పైకి పెట్టావు. ఇటు తిరుగు."

ఒకసారి పోస్టుమాన్ దొరికాడు. "నా కోటుకి జిప్పమ్మా," అన్నాడు తప్పించుకోబోతూ. "అయితే గడ్డం ఎత్తు," అంది. అతను ఎత్తేలోపే లాగింది. గడ్డం సగం జిప్పులో ఇరుక్కుపోయింది. అప్పటినుంచి ఉత్తరాలు కిటికీలోంచి విసిరేసి పరుగందుకుంటున్నాడు. అగ్నిప్రమాదాల తనిఖీకి వచ్చిన అధికారికైతే ఒక గుండీ తప్పించి పెట్టి పంపింది. మరుసటి ఏడు తనిఖీకి వచ్చినాయన అంత మంచులోనూ కోటు లేకుండా, వణుక్కుంటూ వచ్చాడు.

ఎందుకమ్మా ఇదంతా అంటే రోజుకో కారణం చెప్పేది. ఓ రోజు మెడనొప్పి, ఓ రోజు మొక్కు.

ఇలా ఉండగా ప్రభుత్వం ఒక కొత్త బీమా పెట్టింది. ముసలితనంలో మంచాన పడ్డవాళ్ళకి ఆసరా అట. చేరమని బలవంతం లేదు, పనివాళ్ళ ఇష్టం, యజమాని ఇష్టం. పథకం వివరించడానికి వచ్చిన కుర్ర ఉద్యోగి గంటసేపు మాట్లాడాడు. ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. ఓపల్ లేచింది.

"బాబూ, ఇప్పుడు జీతంలో కొంచెం కొంచెం కడతాం. ఐదేళ్ళు కట్టాక, మన గుండీలు మనం పెట్టుకోలేని రోజు వస్తే, పెట్టే మనిషికి ప్రభుత్వం కూలిస్తుంది. అంతేగా?"

"అంటే... స్థూలంగా చూస్తే..."

"అంతే. కూర్చో నాయనా, గొంతెండిపోయి ఉంటుంది."

ఆల్డెన్‌కి అప్పుడు ఓపల్ గుట్టు తెలిసిపోయినట్టే అనిపించింది. ఈవిడకి పథకం సంగతి ముందే తెలుసన్నమాట, గుండీల గోలంతా దానికి ప్రచారమన్నమాట! మిల్లు చేరితే నెలనెలా జీతాల్లో కోసి పంపాలి, కాగితాలు నింపాలి.

"ఇష్టమైతేనే అన్నారుగా? నాకిష్టం లేదు," అన్నాడు.

"నీ ఇష్టం," అంది ఓపల్. కాని ఆ రోజు ఆయన గుండీలు గొంతు దాకా బిగించింది.

పథకంలో చేరడానికి ఇచ్చిన నెల గడువులో ఇంకా వారం ఉందనగా ఓపల్ జ్వరంతో పడుకుంది. ఆ సాయంత్రం గంట మోగగానే సెలవిచ్చిన బడిపిల్లల్లా అందరూ ఎవరి గుండీలు వాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయారు. తాళం వేయడానికి వచ్చిన ఆల్డెన్‌కి గుమ్మం పక్క బల్ల మీద యంత్రాల మేస్త్రి క్లోవిస్ గాడెట్ కనిపించాడు. ఒంటరి మనిషి. ఎవరైనా "పాపం" అంటే రెంచి విసిరే రకం. కోటు బార్లా తెరిచి ఉంది.

"ఇంకా వెళ్ళలేదేం, క్లోవిస్?"

"ఓపల్ రాలేదుగా."

"రాకపోతే హాయిగా నువ్వే పెట్టుకోవచ్చుగా!"

క్లోవిస్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. అయినా మోచేతుల దగ్గర వణుకు దాగలేదు.

ఆల్డెన్ తాళాలు జేబులో వేసుకున్నాడు. "రూలు రూలే కదా. లే, నీవి నేను పెడతా. తర్వాత నావి నువ్వు పెట్టాలి."

ఆల్డెన్ గుండీలు పెట్టడానికి క్లోవిస్‌కి పావుగంట పట్టింది. యజమాని కదలకుండా నిలబడి, ఎదురుగా గోడ మీద క్యాలెండర్‌లో ఆవు బొమ్మ చూస్తూ వాతావరణం గురించి మాట్లాడాడు.

అక్కడినుంచి తిన్నగా ఓపల్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది.

"క్లోవిస్‌కి ఎప్పట్నించి?"

"రెండు చలికాలాలైంది."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేసేవాడివి? జాలిపడేవాడివి. అందుకే ఊరంతటికీ చేతులు లేకుండా చేశా. ఇంక వాడొక్కడి వంక ఎవరు చూస్తారు?" అని తుమ్మింది. "ఆ బీమాలో ఒంట్లో ఎలా ఉందని అడగరట. పనిలో ఉంటే చాలట. మిల్లు చేరితే వాడు చేరొచ్చు."

మర్నాడే ఆల్డెన్ సంతకం పెట్టాడు. క్లోవిస్ చేత రెంచి పక్కన పెట్టించి, చప్పుడు విని యంత్రం జబ్బు చెప్పే పని అప్పగించాడు. అది అతనికి వెన్నతో పెట్టిన విద్య.

తీరా క్లోవిస్ మొండికేశాడు. "ఇష్టమైతేనేగా? నాకెవరి ఆసరా అక్కర్లేదు."

"నీకెవరిస్తామన్నారు?" ఓపల్ కసిరింది. "ఎనిమిది మంది ఉంటేనే చేర్చుకుంటారట. ఏడుగురమే తేలాం. నా ముసలితనం నీ సంతకం మీద ఆగింది. పెడతావా, నన్ను వీధిన పడేస్తావా?"

క్లోవిస్ సణుక్కుంటూ, వంకర అక్షరాలతో పెట్టాడు.

ఆల్డెన్ కాగితాలు తిరగేసి చూశాడు. అప్పటికే పదకొండు సంతకాలున్నాయి.

"ఓపలమ్మా, ఆ ఎనిమిది మంది రూలు ఏ పేజీలో ఉంది?"

"సన్నక్షరాల్లో ఉందిలే. నీకు కనపడదు."

ఆ తర్వాత క్లోవిస్ మిల్లులో కనిపించినవాడికల్లా చెప్పేవాడు: "నేను దయతలచి సంతకం పెట్టబట్టి సరిపోయింది కాని, లేకపోతే ఓపల్ గతి ఏమయ్యేదో!"

"నిజమే, క్లోవిస్ దేవుడు," అనేది ఓపల్, జీతాల పుస్తకంలోంచి తలెత్తకుండా.