పై వంతెన దాకా

నా చిన్నప్పుడు మా కొండల్లో ఎవరూ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవారు కాదు. కూతవేటు అనో, రెండు మెట్టల అవతల అనో అనేవారు. ఆ మాటలు నమ్ముకుంటే ఏమయ్యేదో నేను ఏడో తరగతిలో ఉండగా, ఒక పోలియో చుక్కల రోజున తెలిసింది.

మాది జి.మాడుగుల వైపు చిన్న ఊరు. మా అక్కను గెడ్డకు, అంటే కొండవాగుకు, అవతలి ఊరికి ఇచ్చారు. ముందటేడు ఆ ఊళ్లో ఒక పసివాడికి జ్వరం వచ్చి కాలు చచ్చుబడిపోయింది. అక్కకేమో మూడు నెలల పాప. చుక్కలు వేసే నర్సమ్మ మా పక్కింట్లోనే ఉండేది. ఆ రోజు మా ఊరి పిల్లలకు వేసి, పది గంటలకు మందుపెట్టె భుజాన వేసుకుని, నాన్ననూ నన్నూ తోడు తీసుకుని గెడ్డ దగ్గరికి వస్తే, దాటే దుంగ వరదకు కొట్టుకుపోయి ఉంది. అవతలి గట్టున ఆ ఊరి మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు.

“పై వంతెన మీదుగా ఎల్దాం నర్సమ్మా. ఎంతో దూరం నేదు. రెండు ముద్దలు తినేసి బయల్దేరుదాం,” అన్నాడు మా నాన్న.

ఆవిడ సంచిలోంచి మండలం మ్యాపు తీసి బండ మీద పరిచింది. నేను చదువుకున్నదాన్ని కదా, మేమున్న చోటు నుంచి వంతెనకు, అక్కడి నుంచి ఆ ఊరికి గడ్డిపుల్ల తిన్నగా వేసి, మ్యాపు అడుగున ఉన్న స్కేలు గీతతో సరిచూసి, “అయిదు కిలోమీటర్లే,” అన్నాను.

“నువ్వేమన్నా కాకివా ఏటే గుంటా, తిన్నగా ఎగిరెల్లడానికి?” అంటూ నర్సమ్మ చీర చెంగు నుంచి దారప్పోగు లాగి నా చేతికిచ్చింది. “దారి తిరిగిన కాడల్లా దీన్నీ తిప్పు.”

తిప్పాను. కొండ చుట్టూ, లోయ చుట్టూ తిరిగిన పోగును మళ్లీ చాచి స్కేలు గీత మీద పెడితే పన్నెండు కిలోమీటర్లు తేలింది. ఆ ఎక్కుడు దారిలో గంటకు రెండు నడిస్తే గొప్ప. సాయంత్రం నాలుగవుతుంది. పెట్టెలో ఐసు మధ్యాహ్నం రెండు దాకా ఆగితే ఎక్కువ. ఐసు కరిగితే మందు పనికిరాదు.

నర్సమ్మ పోగును సగానికి మడిచింది. మడత సరిగ్గా పై వంతెన దగ్గర పడింది. “సగం మనం, సగం ఆళ్లు. ఆ గట్టాయనకి బేగి సెప్పు,” అంది నాన్నతో.

నాన్న గొంతు చించుకుని అరిచాడు. గెడ్డ హోరులో మాట దాటలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చేతులు పెట్టి, పై వంతెన వైపు చూపించాడు. ఆ మనిషి తలూపి పరుగెత్తాడు. ఏం అర్థమైందో ఎవరికీ తెలియదు.

అన్నం మాట మరిచిపోయి నడిచాం. ఒంటిగంటకు వంతెన చేరితే అక్కడ పిట్ట కూడా లేదు. పెట్టె లోపల నీళ్లు కదులుతున్నాయి. మూత తియ్యబోతే, తెరిస్తే ఉన్న చల్లదనమూ పోతుందని నర్సమ్మ నా చెయ్యి పట్టేసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఎంతసేపు అలా కూర్చున్నామో గాని, మలుపులో మొదట ఒక ఆకుల గొడుగు కనిపించింది. దాని కింద మా అక్క, అక్క చంకలో పాప. వెనక వరుసగా తల్లులు. నర్సమ్మ పెట్టెను చెవి దగ్గర ఊపి చూసింది. లోపల ఇంకా చిన్న ఐసు గడ్డ తగులుతోంది. ఆవిడ మూత తీసి, మొదటి చుక్కలు మా పాప నోట్లో వేసింది.

ఇన్నేళ్లలో చాలా పనులు తలకెత్తుకున్నాను, చాలామందిని రమ్మని పిలిచాను. ఎవరైనా అంత దూరం రాలేమంటే నాకు కోపం రాదు. ఎక్కడి దాకా రాగలరని అడుగుతాను.