తాడు కుదిపినవాడి మాట

పనిలో ఆరితేరినవాడని ఊరంతా ఉస్తా అని పిలిచే రజబలికి డెబ్బై ఒకటో ఏడు. అందులో యాభై ఎనిమిదేళ్లు నేల కిందే గడిచాయి. ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో, ఇళ్లలోకి గాలి దింపే గాలిబురుజుల నీడన జనం హాయిగా కునుకు తీస్తున్నారంటే, ఆ చలువలో సగం కాళ్ల కింద పారే కనాతు కాలువది. అది కొండ దగ్గర పుట్టి, ఎండ మొహం చూడకుండా నడిచొచ్చి, ఊరు దాటాక దానిమ్మ తోటల్లో తేలుతుంది. ఊపిరి కోసం దారి పొడుగునా బావులు. వాటిలో దిగి పూడిక తీయడం రజబలి తాతల నాటి పని. గొప్ప కట్టడాలన్నిటినీ తలెత్తి చూడమంటారు. దీనికి మాత్రం తల వంచాలి. అందుకే కాబోలు దీన్ని తవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

దిగేవాళ్లు తెల్లబట్టలే కడతారు. చీకట్లో కనబడ్డానికని కొందరంటారు. రజబలి అలా అనడు. "పైకప్పు కూలితే శవానికి చుట్టే కఫను గుడ్డ వెతుక్కోనక్కర్లేదు" అంటాడు.

ఆ వేసవిలో ఊరు చూడ్డానికొచ్చేవాళ్ల కోసం సందులో కొత్త ఇటుకలు పరిచారు. సందు మధ్యనున్న కనాతు బావి నోటికి మందపాటి అద్దం బిగించి, కింద నీలం దీపం పెడతామని ఇంజినీరు కామ్యార్ చెప్పాడు.

"జనం అద్దం మీద నిలబడి లోపలికి చూస్తారు ఉస్తా. పక్కన పీట మీద మీరు తెల్లబట్టల్లో కూర్చుంటారు. మీ ఫొటో దేశాలన్నీ తిరుగుతుంది."

"నా ఫొటో సంగతి సరే ఇంజినీరుగారూ, కింద గాలి మాటేమిటి? ఈ నోరు మూస్తే అవతలి బావిదాకా దీపం వెలగదు. దీపం వెలగని చోట మనిషి బతకడు. మనిషి దిగకపోతే పూడిక పెరిగి తోటలెండిపోతాయి."

"సంతకాలైపోయాయి ఉస్తా. రేపే బిగింపు."

"సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కడైనా దిగాడా?"

ఇంజినీరు టీ గ్లాసు కింద పెట్టి, ఉస్తా నీడ తమ తలల మీద చల్లగా ఉండాలని కోరి, వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో కాదనడం కూడా అంత తియ్యగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున కూలీలు అద్దం మోసుకొచ్చేసరికి బావి మీద చెక్క చక్రం నిలబడి ఉంది. దాని దగ్గర బెమానలీ, రజబలికి నలభై ఏళ్ల జోడీ. తాడు లోపలికి వేలాడుతోంది.

"ఎవరు కింద?" అన్నాడు ఇంజినీరు.

"ఇంకెవరు? పెళ్లికొడుకులా తెల్లగా తయారై దిగాడు."

"పైకి లాగు!"

"తాడు కుదపలేదు కదండీ."

అది ఆ పనివాళ్ల కట్టుబాటు. కిందివాడు తాడు కుదిపితేనే పైవాడు చక్రం తిప్పాలి. కన్నతండ్రి చెప్పినా, గవర్నరు చెప్పినా తిప్పకూడదు. కిందివాడు ఏ రాయి పక్కన ఎలా ఇరుక్కుని ఉన్నాడో పైవాడికేం తెలుసు?

ఇంజినీరు బోర్లా పడుకుని కేకేశాడు. "ఉస్తా! మా అమ్మ మీద ఒట్టు, పైకి రండి, మాట్లాడుకుందాం!"

"మాటలు నిన్ననే అయ్యాయి. అద్దం బిగించుకోండి. బట్టలు కట్టుకునే వచ్చా!"

కూలీలు అద్దాన్ని గోడకానించి దూరంగా జరిగారు. "మా వల్ల కాదయ్యా," అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "బతికున్నవాడి మీద మూతపెట్టిన చేత్తో రొట్టె ఎలా తింటాం?"

తాడు కదిలింది. బెమానలీ చక్రం తిప్పాడు. ఇంజినీరు మొహం విచ్చుకుంది. పైకొచ్చింది మనిషి కాదు, తోలు బొక్కెన నిండా నల్లటి బురద. బెమానలీ దాన్ని బావి చుట్టూ, సరికొత్త ఇటుకల మీద కుమ్మరించాడు.

"అయ్యో, ఇటుకలు!"

"మరెక్కడ పోయమంటారు? ఎప్పుడూ నోటి చుట్టూనే పోస్తాం. వాన నీళ్లు లోపల పడకుండా గట్టు."

మధ్యాహ్నానికి ముప్ఫై బొక్కెనలు పైకొచ్చాయి. విదేశీయుల గుంపొకటి అద్దాన్ని వదిలేసి బురదను ఫొటోలు తీసుకుంది. ఇంజినీరు ఆ గట్టు మీద మోకాళ్లూని లోపలికి వంగాడు. బయట రాళ్లు పగిలే ఎండ. కింది నుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. కాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఇంకా ఎంతసేపు ఉస్తా?"

"పూడిక ఉన్నంతసేపు. రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. నేను పోతే బెమానలీ దిగుతాడు."

"నా మోకాళ్లు ఎప్పుడో పోయాయిరా!" అని బెమానలీ అరిచాడు.

"అయితే ఇంజినీరుగారే దిగుతారు. కొలతలు తీసుకో, తెల్లబట్టలు కుట్టిద్దాం!"

ఇంజినీరు లేచాడు. ప్యాంటుకంటిన బురద దులుపుకోకుండానే ఫోను తీశాడు. "అద్దం వెనక్కి పంపిస్తున్నా. ఇనప జాలీ పంపండి, తీసి పెట్టుకునేది. అవును, సంతకం నేనే పెడతా."

అద్దం బండెక్కి సందు మలుపు తిరిగింది. కిందివాడికి ఆ సంగతి చెప్పబోయేలోగా తాడు మళ్లీ కదిలింది. బెమానలీ చక్రం తిప్పాడు.